ఇంజన్ దుప్పటి

మేడమీది గది,
వేసవి మొదట్లో

తమ్ముడికి,

మీ లారీ ఆఫీసుకి ఫోన్ చేసీ చేసీ విసుగొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. పోయిన వారం నువ్వు యార్డులో ఉన్నావని కనుక్కునే చేశాను. గుమాస్తా నిన్ను పిలిచి రిసీవరు నీ చేతికిచ్చాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను, నువ్వు "ఆ, ఆ, సరే అక్కా, ఉంటా" అని పెట్టేశావు. నేనడిగింది మరదలికి జ్వరం తగ్గిందా అని. దానికి "సరే" అని ఎవరైనా జవాబు చెబుతారా?

అమ్మ బాగానే ఉంది. ఆపరేషన్ అయ్యాక గొంతు నువ్వు చూసినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే, గుసగుసగా తప్ప మాట రాదు. అయినా మాట్లాడ్డం మాత్రం తగ్గించలేదు. కూరల బండివాడితో బేరం కూడా గుసగుసగానే ఆడుతుంది. వాడు ఏదో రహస్యం చెబుతోందనుకుని వంగి వంగి వింటాడు. ఆ వంగడంలో వంకాయలు రెండు ఎక్కువే పడతాయి మన సంచీలో.

పోయినసారి నువ్వొచ్చి వెళ్లినప్పటి సంగతి నేను ఎత్తను. ఎత్తొద్దని అమ్మ ఒట్టేయించుకుంది. నువ్వే ఎత్తుతావేమోనని చూస్తున్నాను, అంతే.

రాయడానికి నీకు తీరిక లేకపోతే మీ బావమరిది చేత రాయించు.

అక్క


లారీల యార్డు, డ్రైవర్ల గది

అక్కకి,

కోపం వచ్చినట్టుంది. నీ అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది, కోపమొస్తే దీర్ఘాలు ఇంకా పొడుగ్గా గీస్తావు. నేను కుళాయి బిగించకుండా వచ్చేశాననేగా? వాషరు దొరకలేదు అక్కా. ఈసారి వచ్చేటప్పుడు ఇక్కణ్ణుంచే కొని తెస్తాను. ఆ మాత్రానికి అమ్మ చేత ఒట్లెందుకు?

మీ మరదలికి జ్వరం ఎప్పుడో తగ్గింది. ఫోన్ సంగతంటావా, మా ఆఫీసు ఫోను ఉత్త డొక్కు. దాంట్లో నీ గొంతు, ఇసుకలో నడుస్తున్నట్టు కరకరమని తప్ప ఇంకేం రాదు. పైగా అప్పుడే బండి దిగి వచ్చానేమో, చెవుల్లో ఒకటే ఈల. ఈ పాత లారీలో ఇంజను ఎక్కడో ముందుండదు, మా ఇద్దరి సీట్ల మధ్యనే, బానెట్ మూత కింద, మూడో మనిషిలా కూచుని ఉంటుంది. మేమిద్దరం మాట్లాడుకునేదానికంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. నేనూ బావమరిదీ దారంతా అరుచుకుంటూనే పోతాం. ఎదురొచ్చే బళ్లవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకుంటారు.

వేడి గురించి చెప్పొద్దులే. ఆ మూతకి లోపల ఉన్న పాత పట్టా ఎప్పుడో చిరిగి ఊడిపోయింది. ఇంజను వైపున్న నా ఎడమకాలు పిక్క మీద వెంట్రుకలే మొలవవు. చెప్పు అడుగు మెత్తబడి పెడలుకి అంటుకుంటుంది. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మూత మీద చెయ్యి పెట్టలేం. ఎండాకాలం లోపల మేం ఉడుకుతాం, బయట లోకం ఉడుకుతుంది.

నీ షెడ్డులో కుట్టేది ఇవే కదా, పెద్ద బళ్ల ఇంజన్లకి వేడీ చప్పుడూ ఆపే దుప్పట్లు. మా బండికొకటి కుట్టిపెట్టవా? ఇంత పనిమంతురాలైన అక్క ఉండీ తమ్ముడు వేగిపోతున్నాడంటే నీకే పరువు తక్కువ.

అమ్మని అడిగానని చెప్పు. అమ్మ మాట వినపడాలంటే పక్కన కూచోవాలి, పక్కన కూచోవాలంటే సెలవు దొరకాలి.

తమ్ముడు


మేడమీది గది

తమ్ముడికి,

కుళాయా. సరే. కుళాయి నేనే బిగించుకున్నాను.

నేనైతే "మా ఓనరుకి చెప్పి వరసలో పేరు రాయించుకో" అని ముగించేదాన్ని. కానీ నీ ఉత్తరం నాకంటే ముందు అమ్మ చదివింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి కళ్లజోడు తుడుచుకుని, పాత సూదుల డబ్బా ముందేసుకుని కూచుంది. "నువ్వు గుడ్డ తెచ్చివ్వు, చిన్నోడి బండికి నేను కుడతాను" అంది. గొంతు ఆపరేషన్ అయ్యాక కుట్టుపని మానేసింది కదా, ఆ చేతికి సూది తగిలి ఏడాది దాటింది. వద్దన్నాను. వద్దంటే వినే మనిషా?

కాబట్టి ఇది నీ కోసం కాదు, అమ్మ కోసం రాస్తున్నాను. కొలతలు నోటితో చెబితే పనికిరావు. ఇంజను బాగా చల్లారాక మూత తీసి, లోపలివైపు మందంపాటి ఖాకీ కాగితం పరిచి వేళ్లతో నొక్కు. వంపులన్నీ కాగితంలో పడాలి. గేరు రాడ్డు వచ్చే కంత, నూనె పోసే మూత, బోల్టులు ఎక్కడెక్కడున్నాయో సుద్దముక్కతో గీసుకో. పొగగొట్టం ఏ పక్కనుంచి పోతుందో అక్కడ పెద్ద గుర్తు పెట్టు, అక్కడ గుడ్డ వేరే వెయ్యాలి, మామూలుది మాడిపోతుంది. ఊహించి గీయకు. నీకు తెలియని చోట తెలియదని రాయి. తెలిసినట్టు తలూపేస్తే దుప్పటి సరిపోదు.

అక్క


మేడమీది గది,
వానలు పడ్డాక

తమ్ముడికి,

కాగితాలు పంపావు, పక్కన ఉత్తరం ముక్క లేదు. అయినా గీతలు బాగా గీశావు.

దుప్పటి పూర్తయింది. ఓనరు మిగులు గుడ్డ వాడుకోమన్నాడు, మంచివాడే. రేపు పార్సిల్ ఆఫీసులో వేస్తాను. నాలుగు పొరలుంటాయి. వెండిలా మెరిసే పొర ఇంజను వైపుకి రావాలి, వేడిని వెనక్కి కొట్టేది అదే. దాని వెనక గాజునూలు దూది, మిగిలిన వేడిని అది పట్టుకుంటుంది. తర్వాత స్పాంజిలాంటి నురుగు పొర, అది చప్పుడుని మింగుతుంది. అన్నిటికీ పైన బరువైన రబ్బరు షీటు, మింగగా మిగిలిన చప్పుడు దాన్ని దాటి రాలేదు. తిరగేసి బిగించావంటే మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ముఖ్యంగా అంచుల దగ్గర సందులు వదలకు. వేడి కొద్దిగా వచ్చినా ఫరవాలేదు గానీ చప్పుడుకి చిన్న సందు చాలు, మొత్తం అందులోంచే వచ్చేస్తుంది. డీజిలు కారే పైపులుంటే ముందు వాటిని బాగుచేయించు. డీజిలు తాగిన దూది అంటుకుంటే ఆర్పలేం.

వంపులన్నీ అమ్మే కుట్టింది. "జాకెట్టు చంక కుట్టినట్టే, ఏముందిందులో" అంటూ నా చేత రెండుసార్లు విప్పించింది. మధ్యమధ్య అలిసిపోయి పడుకునేది. లేచి మళ్లీ కూచునేది. గాజుపొడికి చేతులు ఎర్రగా దద్దుర్లు లేస్తే చన్నీళ్లలో పెట్టుకుని, "వాడి కాలు ఎలా మండుతోందో కదా" అంది.

నువ్వు బిగించేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకో. దద్దురు వస్తే వేణ్ణీళ్లు పొయ్యకు, గాజుపొడి ఇంకా లోపలికి దిగుతుంది.

ఇంత రాశాక కూడా నీ మీద నా కోపం పోలేదు. అది నీకు తెలియాలి.

అక్క


లారీల యార్డు, డ్రైవర్ల గది

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ షెడ్డు అడ్రసుకి వేస్తున్నాను. అమ్మ చూడకూడదు.

దుప్పటి అందింది. మూతకి తొడిగితే కొలిచి పోతపోసినట్టు కూచుంది. నేనూ బావమరిదీ ఒక పూటంతా అంచులు మూసుకుంటూ బిగించాం. మర్నాడు బరువెత్తుకుని బయల్దేరాం. అక్కా, మొదటి రోజు నాకు నవ్వాగలేదు. ఘాటు ఎక్కుతుంటే మూత మీద అరచెయ్యి ఆనించి కూచున్నాను, గోరువెచ్చగా ఉందంతే. బావమరిది దాని మీద టీ గ్లాసు పెడితే అది చల్లారిపోయింది కూడా. బండి అదేనా కాదా అని ఇద్దరం దిగి నంబరు చూసుకున్నాం.

తర్వాత రెండు మూడు రోజులకి బావమరిది మొహం ముడుచుకున్నాడు. ఏంట్రా అంటే ఊరికే పెదాలు కదిపాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. "వేషాలెయ్యకు, నోరు తెరిచి చెప్పు" అన్నాను. మళ్లీ పెదాలే కదిపాడు. నేను కసురుకున్నాను. అప్పుడు వాడు పెద్దగా అరిచాడు: "ఇందాకట్నుంచీ చెబుతూనే ఉన్నా బావా. ఇప్పుడు ఇంజను చప్పుడు లేదుగా, ఇంకా అరవడమెందుకని మామూలుగా చెబుతున్నా."

బండి పక్కకి తీసి ఆపేశాను. ఇంజను కూడా కట్టేసి, "ఏదో ఒకటి మాట్లాడు" అన్నాను. వాడు మాట్లాడాడు. వాడి గొంతులో ముడి పైకీ కిందికీ కదలడం చూశాను. ఎవరో గోడకి అవతల గొణుగుతున్నట్టు ఉంది. ఒక్క మాట కూడా తెలియలేదు.

నాకు నిజంగా తెలియదు అక్కా. చెవుల్లో ఈల బండి వల్ల అనుకున్నాను, ఫోను డొక్కుది అనుకున్నాను, అమ్మకి ఎలాగూ గొంతు లేదు కదా అనుకున్నాను. బండిలో బావమరిది మాట బాగానే వినపడేది మరి. ఎందుకంటే వాడు అరిచేవాడు. యార్డులో అందరూ అరుస్తారు. ఇంట్లో మీ మరదలు కూడా ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది. దాన్ని నేను కోపిష్టిది అనుకునేవాణ్ణి. ఇప్పుడడిగితే ఏడ్చింది. "అరిస్తేనే కదా పలుకుతావు, నువ్వు పరధ్యానం మనిషివనుకున్నాను" అంది. నేను ఇన్నాళ్లూ ఇంజను మీద నెపం పెట్టి బతికాను. ఆ నెపాన్ని మీరిద్దరూ కలిసి నాలుగు పొరలేసి మూసేశారు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న గదిలో కూచోబెట్టి, తలకి ఏదో తగిలించి, చేతికొక మీట ఇచ్చాడు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలట. రెండు మూడు పెద్ద చప్పుళ్లకి నొక్కాను, ఇక అసలువి ఎప్పుడు మొదలుపెడతాడా అని కూచున్నాను. కాసేపయ్యాక తలుపు తీసి, అయిపోయింది రమ్మన్నాడు.

ఏళ్ల తరబడి చప్పుట్లో కూచోవడం వల్లే అంటాడు. పోయింది తిరిగి రాదట. చెవికి యంత్రం పెట్టుకుంటే చప్పుళ్లు పెద్దవవుతాయి గానీ మాటలు విడిపడవట నా వరకు.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. పోయినసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అమ్మ నాతో ఏదో అంది. నా చెయ్యి పట్టుకుని మరీ అంది. నాకు వినపడలేదు. మళ్లీ చెప్పించి ఆ గొంతుని కష్టపెట్టడమెందుకని నవ్వి తల ఊపాను. ఏమంది? నువ్వు "కుళాయా" అని రాసింది దాని గురించేనా?

తమ్ముడు


కుట్టుషెడ్డు, మధ్యాహ్నం భోజనాల వేళ

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న చేరింది. చదివాక మిషను ముందు కూచున్నాను గానీ దారం కూడా ఎక్కించలేకపోయాను.

దాచను. అమ్మ అడిగింది ఇది: "నన్ను నీతో తీసుకెళ్తావా? కొన్నాళ్లు నీ ఇంట్లో ఉంటాను." నువ్వు నవ్వి, తల ఊపి, "అలాగే అమ్మా, నీ ఇష్టం" అన్నావు. నేను పక్కనే వడ్డిస్తున్నాను. నా చెవులతో విన్నాను.

నువ్వు నిద్రపోయాక సంచీ సర్దుకుంది. రెండు చీరలు, మందులు, మరదలికని దాచిన కొత్త దిండు గలీబులు. పొద్దున నువ్వు లేవకముందే నేను షెడ్డుకి పోవాలి కాబట్టి అమ్మని కావిలించుకుని, ఒంట్లో బాగోకపోతే వెంటనే కబురు చెయ్యమని వందసార్లు చెప్పి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి మెట్ల కింద స్టూలు మీద కూచునుంది. తల దువ్వుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని. నువ్వేడని అడిగితే, "వాడు వస్తానమ్మా అని చెప్పి వెళ్లాడు. సందులోకి లారీ రాదు కదా, ఎక్కడ తిప్పుకొస్తున్నాడో" అంది.

గడప దాటేటప్పుడు మనం ఎన్నిసార్లు అని ఉంటాం రా ఆ మాట. వెళ్తున్నా అనడం బాగుండదని వస్తా అంటాం. ఆ ఒక్కరోజు అమ్మ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంది. భోజనం కూడా చెయ్యకుండా కూచుంది, నువ్వొచ్చేసరికి తింటూ ఉంటే ఆలస్యమవుతుందని.

ఆ తర్వాత, "ముందు బరువు దించాలేమో, దించి వస్తాడు" అంది. కొన్నాళ్లకి, "వాళ్లావిడకి ఇష్టం లేదేమో, పోనీలే, నిలదీయకు" అని నా చేత ఒట్టేయించుకుంది. సంచీ మాత్రం విప్పలేదు. అది మంచం కింద చూసినప్పుడల్లా నాకు నీ మీద ఒళ్లు మండేది. అమ్మకి మాటిచ్చి మొహం చాటేశావనుకున్నాను. కుళాయి అని రాశావు చూడు, ఆ రోజైతే నీకు జన్మలో ఉత్తరం రాయకూడదనుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది అమ్మ చెప్పొద్దంది, అయినా చెబుతున్నాను. గొంతులో గడ్డ మళ్లీ వచ్చింది. నువ్వు రాకముందే తెలిసింది. ఈసారి కొయ్యడానికి కుదరదన్నారు. అందుకే నీ దగ్గరికొస్తానంది. ముందే చెబితే జాలిపడి తీసుకెళ్తావట. అడిగితే తీసుకెళ్లాలి గానీ జాలిపడి తీసుకెళ్తే తనకొద్దట.

నిన్న సాయంత్రం నీ చెవుల గురించి అమ్మకి చెప్పాను. నా చెయ్యి తన చేతిలోనే ఉంది. తర్వాత, "అయితే వాడు వద్దనుకోలేదన్నమాట" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే నేను చూడనట్టే ఉండిపోయాను.

నువ్వు త్వరగా రా.

అక్క


లారీల యార్డు

అక్కా,

బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరతానో.

ఓనరుకి చెవుల సంగతి నేనే చెప్పేశాను. వెనకనుంచి వచ్చే బండి హారను వినపడనివాడు ఇంత బరువుతో రోడ్డు మీద తిరగకూడదు. తాళాలు బావమరిదికి ఇచ్చేశాడు, నాకు యార్డులో టైర్లు విప్పే పని ఇస్తానన్నాడు. ఈసారి బండి వాడే తోలుతాడు, నేను పక్కన కూచుంటాను. అమ్మని మూత పక్కన మెత్తగా పరుపేసి కూచోబెడతాం. వేడి తగలదు.

అమ్మని స్టూలు మీద కూచోనివ్వకు. నేను మేడెక్కి వస్తానని చెప్పు.

తమ్ముడు


మేడమీది గది

తమ్ముడికి, మరదలికి,

అమ్మ క్షేమంగా చేరిందని మీ బావమరిది మా షెడ్డుకి ఫోన్ చేసి చెప్పాడు. లారీ కదిలేటప్పుడు నన్ను చూసి చెయ్యి ఊపుతుందనుకున్నాను, ఇంజను మూత కింద దుప్పటి అంచు తడిమి చూసుకోవడంలో పడిపోయింది. నా కుట్టులో తప్పు వెతుకుతోందని నాకు తెలుసు.

నీళ్ల బిందె ఇద్దరికి సరిపడా నింపుతున్నాను ఇంకా. మందులు వేళకి వెయ్యి మరదలా. జావ మరీ వేడిగా ఇవ్వొద్దు, గొంతు దిగదు. తను ఏం మాట్లాడిందో నాకు రాస్తూ ఉండండి.

అక్క


ఇంటి నుంచి,
చలి మొదలైంది

అక్కకి,

నీ కుట్టులో తప్పు దొరికింది. గేరు రాడ్డు కంత దగ్గర దారం వదులుగా ఉందట. దారిలో బావమరిది చేత బండి ఆపించి మరీ తనే బిగించింది.

ఇక్కడ హాయిగానే ఉంది. నొప్పి ఉన్నప్పుడు కళ్లు మూసుకుంటుంది, లేనప్పుడు మీ మరదలి మీద పెత్తనం చేస్తుంది. ఇద్దరికీ బాగా కుదిరింది. మీ మరదలు చెవి అమ్మ నోటి దగ్గర పెట్టి వింటుంది, విని నాకు అరిచి చెబుతుంది. మొదట్లో అలాగే నడిచింది. తర్వాత అమ్మ అది వద్దంది. నాతో తనే మాట్లాడతానంది.

యార్డునుంచి రాగానే మంచం పక్కన కూచుంటాను. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. పెదాలు మెల్లగా, పెద్దగా కదుపుతుంది. నాకు అర్థం కాకపోతే "తెలియలేదమ్మా" అంటాను. మళ్లీ చెబుతుంది. "తెలియలేదమ్మా." మళ్లీ చెబుతుంది. విసుక్కోదు. నాకే కన్నీళ్లొస్తాయి ఒక్కోసారి, ఇంత తేలిక మాట నేను ఇన్నేళ్లు అనలేకపోయానేంటా అని.

మొన్న అలా చాలాసేపు కష్టపడి ఒక మాట పట్టుకున్నాను. ఏదో పెద్ద మాటే అనుకున్నాను. తీరా చూస్తే, "బనియను తిరగేసి వేసుకున్నావు." ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మ నవ్వుకి చప్పుడు లేదు. నా నవ్వు నాకు వినపడలేదు.

జావ కూడా సరిగ్గా దిగడం లేదు. నువ్వు సెలవు పెట్టుకుని ఉండు అక్కా. కబురు చేస్తాను.

తమ్ముడు


ఇంటి నుంచి

అక్కా,

అమ్మ కర్మలన్నీ అయ్యి నువ్వు బస్సెక్కి వారం కాలేదు. ఉన్నన్నాళ్లూ చుట్టూ మనుషులే, నీతో ఒక మాట చెప్పలేకపోయాను. నువ్వూ అడగలేదు. అమ్మ నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాం. నిజానికి ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నం కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోందట. అమ్మ ఉలిక్కిపడుతోందని మీ మరదలు చెప్పి, తను మందులషాపుకి వెళ్లింది. నాకు ఆ చప్పుడు లేదు కదా, రెక్క కదలడం చూసి నమ్మాను. స్క్రూడ్రైవరు తెచ్చుకుని గడియ బిగిస్తూ నించున్నాను. అమ్మ మంచం నా వెనక ఉంది. స్క్రూ తుప్పుపట్టి తిరగలేదు, దాంతో కుస్తీ పట్టాను. ఎంతసేపో తెలియదు. పని అయ్యాక చూపిద్దామని వెనక్కి తిరిగాను.

మొహం నా వైపే ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి నా వైపు చాచి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

పిలిచిందా అక్కా? నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ గొంతుతో ఎంత పిలవగలదో అంత పిలిచే ఉంటుంది. నువ్వు గదిలో లేవు, నీకెలా తెలుస్తుంది. తెలిసీ అడుగుతున్నాను. మీ మరదలిని అడగలేను.

మిగతా అందరితో మామూలుగానే ఉన్నాను.

తమ్ముడు


మేడమీది గది

తమ్ముడూ,

పిలవలేదని రాసి ఒక కాగితం నింపాను. తర్వాత చించేశాను. నువ్వది చదివి, నమ్మినట్టు తల ఊపి, మడిచి పెట్టేస్తావు. అలాంటిది ఇంకొకటి మన మధ్య వద్దు.

పిలిచిందో లేదో నాకు తెలియదు రా.

నాకు తెలిసింది మాత్రం చెబుతాను. ఆపరేషన్ తర్వాత అమ్మ రోజంతా మంచం మీద ఉన్న రోజుల్లో నేను గోడవైపు తిరిగి ఏదో ఒకటి చేసుకుంటూ ఉండేదాన్ని. ఉన్నట్టుండి వెనక్కి చూస్తే నన్నే చూస్తూ ఉండేది, చెయ్యి బయట పెట్టుకుని. ఏం కావాలమ్మా అంటే, "ఏం లేదు, పని చేసుకో, చూస్తున్నా" అనేది. ఆ రోజు కూడా అదే అయి ఉండొచ్చు. పిలిచే ఉండొచ్చు కూడా. రెండిట్లో ఏదో ఇక తేలదు. నేను నీ పక్కన ఉన్నా తేలేది కాదేమో, మందు గ్లాసు కడగడానికి నేనూ బయటికెళ్లి ఉండేదాన్నేమో. ఆ అనుమానం నువ్వొక్కడివే మొయ్యకు. నేను దాని గురించి ఆలోచిస్తూనే ఉంటాను, నువ్వు ఆలోచించినప్పుడు నేనూ ఆలోచిస్తున్నానని అనుకో.

ఇక్కడ మంచం మడిచి గోడకి ఆనించాను. గది పెద్దదైపోయినట్టుంది, అది బాగాలేదు. నిన్న కూరల బండివాడు అమ్మ ఏదని అడిగాడు. చెప్పాను. వాడు వంకాయలు తూచి సంచీలో వేసి, పైన రెండు వేశాడు.

నువ్వూ మరదలూ కొన్నాళ్లు వచ్చి ఇక్కడ ఉండండి. పగలు నాతో షెడ్డుకి రా. అక్కడ మిషన్లన్నీ ఒకేసారి ఆడుతుంటాయి, పక్కమనిషికి ఏం చెప్పాలన్నా అందరం అరుచుకునే చెప్పుకుంటాం. అక్కడ నీకు వినపడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక నేనూ నీ మొహం నా వైపు తిప్పుకుని మాట్లాడతాను, నువ్వు తెలియలేదంటే మళ్లీ చెబుతాను.

వచ్చేముందు ఫోన్లూ కబుర్లూ ఏం వద్దు. ఏ వేళప్పుడైనా సరే, మేడెక్కి తలుపు కొట్టు. నేను వింటాను.

అక్క